పార్వతీశముతో ప్రయాణము

కృష్ణా డెల్టా దిగువ భాగమున పుట్టినవారికి ప్రయాణము కొత్త కాదు. కాలువ దాటనిదే పొలము లేదు, రేవు దాటనిదే చుట్టముల ఇల్లు లేదు. ఎదురుమొండి దీవి నుండి ఒడ్డునకు రావలెనన్న నేటికిని నీటి మీద రావలసినదే. అయినను ఊరి పొలిమేర దాటి, తన పేరు తెలియని చోట, తన మాట చెల్లని చోట కాలు మోపిన మొదటి దినమున ఎంతటివాడైనను తెల్లమొగము వేయక తప్పదు. చదువుకొన్నవాడు తన చదువును, ధనికుడు తన ధనమును, పెద్దమనిషి తన పెద్దరికమును ఆ ఒక్క దినము అక్కరకు రాని మూటలుగా మోసుకొని తిరుగును. ఈ అవస్థను ఎరుగనివాడు లేడు గాని ఒప్పుకొనువాడు అరుదు. ఒప్పుకొని, దానిని కథగా చెప్పి, విన్నవారిని నవ్వించి, వారితోపాటు తానును నవ్వినవాడు మన తెలుగులో ఒకడున్నాడు. ఆతడు మొగల్తూరు వాస్తవ్యుడైన బారిష్టరు పార్వతీశము.

మొక్కపాటి నరసింహశాస్త్రిగారు సృష్టించిన ఈ పార్వతీశము కథ మొదటి భాగము 1924లో వెలువడినది. తక్కిన రెండు భాగములు చాల కాలమునకు గాని రాలేదు. కథను చెప్పవలెనన్న నాలుగు వాక్యములు చాలును. గోదావరి పల్లెలో పుట్టిన యువకుడొకడు సీమకు పోయి బారిష్టరు కావలెనని సంకల్పించును. నిడదవోలులో రైలెక్కి చెన్నపట్టణము చేరును. అటనుండి కొలంబోకు పోయి, ఓడనెక్కి, ఫ్రాన్సు మీదుగా లండనుకు, లండను నుండి ఎడింబరోకు పోవును. చదువు ముగించి బారిష్టరై తిరిగి వచ్చును. ఇంతే కథ. ఇందులో హత్యలు లేవు, మలుపులు లేవు, విలనులు లేరు. దారి పొడుగున ఉన్నదెల్లను ఆతని అమాయకత్వమే. చెన్నపట్టణమున మోజుపడి కొన్న టోపీ ఆడవారిదని తెలియక తలపై పెట్టుకొని దొరవలె నడుచుట, కత్తులు ముళ్ళు పట్టుకొని భోజనము చేయనేర్చుటకు పడిన పాట్లు, కొత్త దేశపు మర్యాదలు ఒక్కొక్కటిగా తెలిసివచ్చుట, ఇవియే ఇందలి ఘట్టములు. శాస్త్రిగారు స్వయముగా సీమలో చదివి వచ్చినవారు. కావున ఆ తెల్లమొగము ఊహించి వ్రాసినది కాదు, అద్దములో చూచి వ్రాసినది.

ఈ కథ గోదావరి మండలమునకు చెందినదైనను కృష్ణా మండలమువారు దానిని పరాయిదిగా ఎన్నడు తలచలేదు. కాలువగట్లు ఒకటే, వరిచేలు ఒకటే, దూర ప్రయాణమునకు కట్టు మూటలును ఒకటే. మా బందరు రైలు స్టేషనులో నేటికిని చూడవచ్చును. హైదరాబాదులో ఉద్యోగమునకు పోవు పిల్లవానికి వెంట ఆవకాయ జాడీ, నేతి డబ్బా, తొక్కుడు లడ్డు పొట్లము, రెండు దుప్పట్లు, ఒక దిండు కట్టి పంపుదురు. హైదరాబాదులో దిండ్లు అమ్మరని కాదు. ఆ దిండులో ఇంటి వాసన ఉన్నది. మా ముస్లిము ఇండ్లలో ఆ సామానుతోపాటు చేతికి ఇమామ్ జామిన్ కట్టి, నోటిలో ఇంత చక్కెర పోసి సాగనంపుదురు. పార్వతీశము కట్టిన మూటకు ఈ మూటకు చుట్టరికము కలదు.

ఈ నవల 1940లో చలనచిత్రమైనది. తెలుగు టాకీ పుట్టి అప్పటికి ఎనిమిదేండ్లు. పౌరాణిక చిత్రములే విరివిగా వచ్చుచుండిన ఆ దినములలో ఒక పల్లెటూరి యువకుని సీమ ప్రయాణమును తెర కెక్కించుట సాహసమే. పార్వతీశముగా లంక సత్యముగారు నటించినారు. పిమ్మట ప్రసిద్ధ నటియైన జి. వరలక్ష్మిగారికి అది తొలి చిత్రము. అయితే బందరువారమైన మనకు ఇందులో విశేషము వేరొకటి కలదు. ఆ చిత్రమునకు దర్శకుడు ఆర్. ప్రకాష్. తెలుగు చలనచిత్ర పితామహుడని మనము గౌరవించు రఘుపతి వెంకయ్యనాయుడుగారి కుమారుడు. ఆ వెంకయ్యగారు మన మచిలీపట్నమున పుట్టినవారు. చెన్నపట్టణమునకు పోయి ఛాయాచిత్రకారుడై, శబ్దముతో కూడిన బొమ్మలు చూపు యంత్రమును తెప్పించి, దానిని వెంటబెట్టుకొని బర్మా, సింహళములకు సైతము పోయి ప్రదర్శనములిచ్చినారు. చెన్నపట్టణమున గెయిటీ అను సినిమాహాలు కట్టించినారు. ఆ మహనీయుని పేరిట మన రాష్ట్ర ప్రభుత్వము ఒక పురస్కారమును నెలకొల్పినది.

ఆ తండ్రి తన కుమారుని సినిమా విద్య నేర్చుకొనుటకు సీమకు పంపినాడు. ప్రకాష్ లండనులో ఆ విద్య నేర్చి, ఇతర దేశములును చూచి వచ్చి, 1921లో “భీష్మప్రతిజ్ఞ” అను మూకీ చిత్రమును తీసినాడు. ఇక ఆలోచింపుడు. ఒక తెలుగు యువకుడు ఓడనెక్కి, ఎరుగని దేశములో దిగి, ఎరుగని విద్య నేర్చి తిరిగి వచ్చినాడు. ఇరువది ఏండ్లు గడచిన పిదప అటువంటి యువకుని కథనే చిత్రముగా తీసినాడు. పార్వతీశము ఓడ దిగు ఘట్టమును చిత్రించునపుడు ఆ దర్శకునికి తన మొదటి దినము జ్ఞప్తికి రాకుండునా? వెంకయ్యగారు 1941లో కన్నుమూసినారు. అనగా కుమారుడు ఈ చిత్రమును తీసిన మరుసటి యేడే. డెల్టా రేవునుండి బయలుదేరిన ఒక కుటుంబపు ప్రయాణము నవ్వుల చిత్రము వరకు వచ్చి చేరినదన్న మాట.

మేము బాల్యమున గుడివాడలో పెరిగినాము. ఆ ఊరి గాలిలోనే సినిమా కలదు. అక్కినేని నాగేశ్వరరావుగారి రామాపురము, నందమూరి తారకరామారావుగారి నిమ్మకూరు, ఘంటసాలగారి చౌటపల్లి అన్నియు ఆ చుట్టుపట్లవే. అయితే మాకు నవ్వు నేర్పినది సినిమా కాదు. ఇంటిలో నానీమా చెప్పిన షేక్ చిల్లీ కథలు, గోడకు అవతల పొరుగింటి మామ్మగారు చెప్పిన పరమానందయ్య శిష్యుల కథలు. నానీమా ఉర్దూలో చెప్పెడిది, మామ్మగారు తెలుగులో చెప్పెడివారు. షేక్ చిల్లీ ఏ భాషవాడో, శిష్యులు ఏ మతమువారో మాకు తెలియదు. అందరును ఒకే ఊరి తెలివితక్కువవారని అనుకొనెడివారము.

ఆ శిష్యుల కథలలో ఒకటి ప్రయాణపు కథయే. శిష్యులందరు ఏరు దాటుదురు. దాటిన పిదప అందరము క్షేమముగా ఉన్నామా అని ఒకడు లెక్కపెట్టును. ఒకడు తక్కువగును. ఇంకొకడు లెక్కపెట్టును. అప్పటికిని ఒకడు తక్కువే. ఏరు ఒకనిని మింగినదని గోలుగోలున ఏడ్తురు. లెక్కపెట్టువాడు తన్ను తాను లెక్కలో చేర్చుకొనుట లేదు, అదియే అందలి కిటుకు. చిన్ననాడు ఈ కథకు పొట్ట చెక్కలగునట్లు నవ్వితిమి. నాగార్జున విశ్వవిద్యాలయమున ఎం.ఏ. చదివి, హాస్యరసమును గూర్చి లక్షణ గ్రంథములు తిరగవేసి, పదేండ్లు పాఠములు చెప్పిన పిమ్మట, ఆ కథలో ఉన్నంత వివేకము మరి ఎక్కడను కనబడలేదని చెప్పుటకు మేము సందేహింపము. ఎందుకో ఈ క్రింద విన్నవింతుము.

కొంతకాలము క్రిందట డిగ్రీ తరగతిలో పార్వతీశము టోపీ ఘట్టమును మేము చదివి వినిపించినాము. పాఠ్యాంశము కాదు. పరీక్షలకు ముందు పిల్లల మనస్సులు తేలికపడునని చదివినాము. తరగతి ఘొల్లుమన్నది. వెనుక బల్లలవారు సైతము, ఏనాడు మా వైపు చూడనివారు, నవ్వి నవ్వి కన్నీళ్ళు తుడుచుకొన్నారు. ఒక్క విద్యార్థి మాత్రము నవ్వలేదు. దివిసీమ నుండి తెల్లవారకముందే బస్సెక్కి వచ్చు పిల్లవాడు. తండ్రి వలలు అల్లును. ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు. పరీక్షలు ముగియగానే దుబాయి పోవుటకు పాసుపోర్టు సిద్ధము చేసుకొన్నాడు. గంట కొట్టిన పిదప మా యొద్దకు వచ్చి నిలబడినాడు.

“సార్, ఒక మాట అడగవచ్చా?”

“అడుగు బాబూ.”

“వచ్చే నెల నేనూ పోతున్నాను కదా సార్. విమానం నేనెప్పుడూ ఎక్కలేదు. ఇంగ్లీషు సరిగా రాదు. అక్కడ నేను కూడా ఇలాంటి టోపీయే పెట్టుకుంటానేమో. ఇప్పుడు వీళ్ళంతా పార్వతీశాన్ని చూసి నవ్వారా సార్, నన్ను చూసి నవ్వారా?”

మేము అప్పటికప్పుడు చెప్పదగిన సమాధానములు పెక్కు కలవు. హాస్యము వేరు, అపహాస్యము వేరు అని లక్షణము చెప్పవచ్చును. అది కథ మాత్రమేనని అనునయింపవచ్చును. కాని ఆ పిల్లవాడు అడిగినది పరీక్ష ప్రశ్న కాదు. అతనికి సమాధానము ఎంత అవసరమో మాకు తెలియును. ఏలయన అట్టి నవ్వును మేమును రెండు వైపులనుండి ఎరుగుదుము.

ఉద్యోగ ప్రయత్నములు చేయుచున్న దినములలో ఒక కళాశాలవారు మమ్ము ఇంటర్వ్యూకు పిలిచినారు. అందలి పెద్దలలో ఒకరు మా పేరును రెండు సారులు చదివి, “మీరు తెలుగు పోస్టుకే వచ్చారా?” అని అడిగినారు. పిమ్మట ఒక పద్యము చదువుమన్నారు. చదివినాము. ఆయన సంతోషముతో తక్కినవారి వైపు తిరిగి, “అచ్చం మనవాళ్ళలాగే చదివారండీ!” అని నవ్వినారు. మెచ్చుకోలే గాని, ఆ “మనవాళ్ళు” అను మాట వెలుపల మేము నిలబడి ఉన్నాము. అదే యేడు బంధువుల ఇంట నిఖా విందులో మామూ ఒకరు పదిమంది నడుమ, “తెలుగు పఢ్‌కే క్యా కరేంగే బేటా?” అని అడిగినారు. దస్తర్‌ఖాన్ చుట్టు కూర్చున్నవారందరు నవ్వినారు. అచ్చట ద్వేషము లేదు, ఇచ్చటను లేదు. ఇరుచోట్లను ఒకే లెక్క. లెక్కపెట్టినవారు మమ్ము విడిచి లెక్కపెట్టినారు.

కావున ఆ విద్యార్థి ప్రశ్నను మేము ఇంటికి తీసికొనిపోయి, పార్వతీశమును మరల మొదటినుండి చదివినాము. ఈసారి ఒక విషయము స్పష్టపడినది. ఆ కథను చెప్పుచున్నవాడెవడు? పార్వతీశమే. ఆతని టోపీని చూచి నవ్విన చెన్నపట్టణమువారెవ్వరు మనకు ఆ కథ చెప్పలేదు. టోపీ పెట్టుకొన్నవాడే చెప్పినాడు. తాను ఎక్కడెక్కడ పొరబడినదియు, ఎవరెవరు ఎట్లు చూచినదియు తానే లెక్కగట్టి, ఆ లెక్కలో మొదటి అంకెగా తన్ను చేర్చుకొన్నాడు. మనము నవ్వునపుడు ఆతడు మన ఎదుట బోనులో నిలబడినవాడు కాడు, మన ప్రక్కన కుర్చీలో కూర్చున్నవాడు. ఇదియే ఆ పుస్తకము నూరేండ్లుగా ఎవరి మనస్సును నొప్పింపకుండుటకు కారణమని మాకు తోచినది. ఒకని తెలివితక్కువతనమును ఇంకొకడు చెప్పిన ఎగతాళి. తనదానిని తానే చెప్పుకొన్న హాస్యము. నడుమ నున్నది వెంట్రుకవాసి దూరమే గాని, అది ఏటికి ఈ ఒడ్డు ఆ ఒడ్డు వంటిది.

సినిమాకు ఈ విషయమున ఒక చిక్కు కలదు. పుస్తకములో “నేను” అనవచ్చును. తెరపై “నేను” ఉండడు, “వాడు” ఉండును. కెమెరా ఎప్పుడును ఎదుటినుండి చూచును. తెరపై నటుడు ఆడవారి టోపీ పెట్టుకొన్నచో మనము ఆతని లోపలినుండి కాక వీధిలో నిలబడి చూతుము, అనగా చెన్నపట్టణమువారి చోట మనము నిలబడుదుము. అందువలననే ప్రయాణపు హాస్యమును చిత్రముగా తీయుట కష్టము. ప్రేక్షకుని కుర్చీలో కూర్చుండబెట్టియే బాటసారిగా మార్చవలెను.

ఈ కష్టమును విచిత్రముగా దాటిన చిత్రమొకటి స్పెయిను దేశమున కలదు. హోసే లూయిస్ కుఎర్దా అను దర్శకుడు 1989లో తీసినది. “తెల్లవారుతోంది, అది తక్కువేమీ కాదు” అని దాని పేరునకు ఇంచుమించు అర్థము. అమెరికాలో ఓక్లహోమా విశ్వవిద్యాలయమున పాఠములు చెప్పు కుమారుడొకడు సెలవుపై స్వదేశమునకు వచ్చును. తండ్రియు అతడును ప్రక్కబండి తగిలించిన మోటారుసైకిలుపై బయలుదేరి కొండలలోని ఒక పల్లెకు చేరుదురు. పల్లెలో మనుష్యులు కనబడరు. అందరును చర్చిలో ఉన్నారు. ఇక ఆ పల్లెలోని వింతలు చెప్పనలవి కావు. పొలములో మొక్కలవలె మనుష్యులు మొలతురు. అమెరికా నవలాకారుడైన ఫాక్నర్ అనిన ఆ రైతులకు పంచప్రాణములు. ఆయన నవలను దొంగిలించి తనదిగా వ్రాసుకొన్న రచయితను అక్కడి పోలీసువారు క్షమింపరు. చివరకు ఒకనాడు సూర్యుడు ఉదయింపరాని దిక్కున ఉదయించును. పోలీసు అధికారి ఆగ్రహించి సూర్యునిపై తుపాకి కాల్చును!

పార్వతీశము కథకు ఇది తలక్రిందులు. అక్కడ పల్లెవాడు లోకమును చూచి తెల్లబోయినాడు. ఇక్కడ లోకమంతయు చూచిన ఆచార్యుడు పల్లెను చూచి తెల్లబోయినాడు. మనము ఆ పల్లెవారిని చూచి నవ్వబోవుదుము. ఇంతలో వారు మనకు తెలియని పుస్తకమును గూర్చి మాటలాడుదురు. నవ్వు మన పెదవులపైననే ఆగి మన వైపు తిరుగును. ఎవరు తెలిసినవారు, ఎవరు తెలియనివారు అన్న లెక్కయే తారుమారగును. ఇంగ్లీషు ఉపశీర్షికల సాయముతో ఈ చిత్రమును చూచినపుడు మాకు గుడివాడ గోడకు అవతలి మామ్మగారి శిష్యులు జ్ఞప్తికి వచ్చినారు.

ఆ దేశమునకు ఇట్టి ప్రయాణములు కొత్త గావు. సెర్వాంతెస్ మహాశయుని డాన్ క్విక్సోట్ 1605లోను, దాని రెండవ భాగము 1615లోను వెలువడినవి. బక్కగుర్రమెక్కిన ముదుసలి వీరుడు గాలిమరలను రాక్షసులనుకొని ఈటెతో పొడిచిన కథ మన పిల్లలకును తెలియును. కాని తెలియనిది ఒకటి కలదు. సెర్వాంతెస్ ఆ కథ తనది కాదని చమత్కరించును. సీదె హామెతె అను అరబ్బు చరిత్రకారుడు వ్రాసిన కాగితములు తొలేదో నగరపు బజారులో తనకు దొరికినవనియు, ఎండుద్రాక్షయు గోధుమలును కూలిగా ఇచ్చి ఒక మొరిస్కోచేత వాటిని అనువదింపించితిననియు చెప్పును. మొరిస్కోలనగా క్రైస్తవము పుచ్చుకొనవలసివచ్చిన స్పెయిను ముస్లిములు. 1609 మొదలు కొన్ని యేండ్లలో వారిని ఆ దేశమునుండి వెడలగొట్టినారు. అది జరిగిన పిదప వచ్చిన రెండవ భాగమున రికోతె అను మొరిస్కో మారువేషముతో తిరిగి వచ్చి, పాత పొరుగువాడైన సాంకోను దారిలో కలిసికొనును. ఇద్దరును నేలపై కూర్చుండి కలిసి తిందురు. ఎక్కడికి పోయినను పుట్టిన గడ్డ కొరకే ప్రాణము కొట్టుకొనుచున్నదని రికోతె చెప్పును. లోకములోకెల్ల గొప్ప హాస్య గ్రంథమున నవ్వు ఆగిపోవు చోటు అది. లెక్కలో విడిచివేయబడినవాడు తిరిగి వచ్చి, నన్నును లెక్కపెట్టుడని అడిగిన చోటు.

మన దేశమున ఆ వీరుని కథను ఉర్దూలోనికి తెచ్చినవారు పండిత రతన్‌నాథ్ సర్షార్. కాశ్మీరీ బ్రాహ్మణ కుటుంబమువారు, లక్నో నివాసి. ఆ అనువాదమునకు “ఖుదాయీ ఫౌజ్‌దార్” అని పేరు పెట్టినారు. అంతకుముందే “అవధ్ అఖ్‌బార్” పత్రికలో 1878 మొదలు “ఫసానె ఆజాద్” అను బృహత్కథను వ్రాసినారు. అందు ఆజాద్ అను యువకుడు యుద్ధము చేయుటకు టర్కీదాక పోవును. వెంట ఖోజీ అను పొట్టివాడు, నల్లమందు మత్తులో జోగువాడు, మాటిమాటికి తన కరౌలీ కత్తి కొరకు కేకలు వేయువాడు. ఉర్దూ చదివిన ఇండ్లలో ఖోజీ పేరు చెప్పిన నవ్వనివారు అరుదు. సర్షార్ తమ చివరి సంవత్సరములు మన హైదరాబాదులో గడపి, అక్కడనే కన్నుమూసినారు. ఒక పండితుడు ఉర్దూను నవ్వించినాడు. పిఠాపురమున ఉమర్ ఆలీషా కవి తెలుగు పద్యమునకు వన్నె తెచ్చినాడు. ఉర్దూ చదివి ఏమి లాభమని సర్షారును, తెలుగు చదివి ఏమి లాభమని ఆలీషాను అడిగినవారు ఆ కాలమునను ఉండియే యుందురు. భాషలు మాత్రము ఎవరిని అడుగలేదు. వచ్చినవారిని లెక్కలో చేర్చుకొన్నవి.

మన ఊరి పేరే చూడుడు. బందరు అనగా ఫారసీలో రేవు. గోలకొండ సుల్తానుల కాలమున ఈ రేవునుండి ఓడలు ఎర్రసముద్రము దాక పోయెడివి. వాటిలో కలంకారీ బట్టలు పోయినవి, హజ్ యాత్రికులును పోయినారు. 1611లో ఇంగ్లీషువారు ఇచ్చట వర్తకశాల పెట్టినారు. ఈ ఒడ్డున దిగిన ప్రతి దొరయు మొదటి దినమున మన పార్వతీశమే. ఏ చేతితో తినవలెనో, ఎవరికి సలాము చేయవలెనో తెలియక తెల్లబోయినవాడే. ఆతనిని చూచి మన బెస్తవారు, మన దుబాసీలు నవ్వకుండ ఉందురా? పార్వతీశము బారిష్టరు కాబోయినాడు గాని, మన పల్లెలలో నేటికిని న్యాయవాదిని వకీలనియే అందురు. ఆ వకీలు అరబ్బీ మాట. దస్తావేజు ఫారసీ మాట. రసీదు, ఫిర్యాదు, కచేరి, జమాబందీ అన్నియు ఎక్కడెక్కడినుండియో ప్రయాణము చేసి వచ్చి, దివిసీమ రైతు నోట తెలుగై కూర్చున్నవి. ఆ మాటలను ఎవరును ఇంటర్వ్యూ చేయలేదు.

ఇక సముద్రము సంగతి. మనము సముద్రముపై ప్రయాణము చేసినట్లే సముద్రమును మన ఊళ్ళకు ప్రయాణమై వచ్చినది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచినది. 1977 నవంబరు 19న దివిసీమను ఊడ్చుకొనిపోయినది. వేలాది ప్రాణములు పోయినవి. ఆ ఉప్పెనను చూచిన పెద్దలతో మేము మాటలాడినాము. ఆ రాత్రిని గూర్చి వారు చెప్పునపుడు శ్రోత ఊపిరి నిలుచును. అయినను ఆ కథ నడుమనే, సాయము చేయవచ్చిన కొత్తవారి భాష తెలియక పడిన తికమకలు చెప్పి నవ్వుదురు. ఆ నవ్వు విన్నపుడు మాకు మొదట దిగ్భ్రమ కలిగినది. పిదప అర్థమైనది. దుఃఖమును తక్కువ చేయుటకు వారు నవ్వుట లేదు. ఏరు దాటి ఈ ఒడ్డున నిలిచినవాడు తన్ను తాను లెక్కపెట్టుకొను విధమది.

వారము తిరిగిన పిమ్మట ఆ విద్యార్థిని పిలిచి మేము చెప్పినది కొంచెమే. “నువ్వు అడిగిన దానికి జవాబు నీ చేతిలోనే ఉంది బాబూ. అక్కడ ఏదో ఒకరోజు నువ్వూ టోపీ పెట్టుకుంటావు. పెట్టుకోకుండా ఎవరూ ఉండరు. ఆ కథ ఇంకెవరో చెప్పేలోగా నువ్వే చెప్పు. అప్పుడు నవ్వు నీది అవుతుంది.” అతడు తల యూపి వెడలిపోయినాడు. నమ్మినాడో లేదో మాకు తెలియదు.

నాలుగు నెలలకు దుబాయి నుండి ఫోను వచ్చినది. మొదటి దినమున అతనిని ఒక పెద్ద భవనమునకు పంపినారట. నేల అద్దమువలె మెరయుచున్నది. మసీదు మెట్లవద్ద విడిచినట్లు చెప్పులు వాకిట విడిచి లోనికి పోయినాడు. తిరిగి వచ్చునప్పటికి ఊడ్చువారు వాటిని చెత్తబుట్టలో వేసినారు. కాలుచున్న దారిలో వట్టికాళ్ళతో బస్సు వరకు నడిచినాడు. గదిలో ఆ రాత్రి తానే ఆ కథను చెప్పినాడు. అది విని ఒక మలయాళీ, తాను మొదటి దినమున కదులు మెట్లను చూచి భయపడి గంటసేపు క్రిందనే నిలిచిన సంగతి చెప్పినాడు. పెషావరు వృద్ధుడొకడు అంతకు మించినది చెప్పినాడు. ఆరుగురును తెల్లవారుదాక నవ్వినారట. “సార్, నా టోపీ అదే!” అని ఫోనులో అతడు నవ్విన నవ్వు మాకు ఇప్పటికిని వినబడుచున్నది. ఎం.ఏ. పట్టా పుచ్చుకొన్ననాడు సైతము మేమంతటి సంతోషము ఎరుగము.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు ఈ యేడు మన కళాశాల విడిచి పోవుదురు. కొందరు విజయవాడకు, కొందరు హైదరాబాదునకు, కొందరు సముద్రములు దాటి పోవుదురు. చెల్లెండ్రలో పెక్కుమంది పెండ్లియై ఎరుగని ఇంట అడుగు పెట్టుదురు. నిజమునకు అన్నిటికంటె దూర ప్రయాణము అదియే. ఎక్కడికి పోయినను మొదటి దినమున మీరు తెల్లబోవుదురు. బెదరకుడు. ఇంకొకడు తెల్లబోవుట చూచినపుడు నవ్వు రావచ్చును. నవ్వుడు గాని, ముందు మిమ్ము లెక్కలో చేర్చుకొని నవ్వుడు. ఆ పిమ్మట ఆ కథను వ్రాసి ఈ పత్రికకు పంపుడు. ఏ భాషలో వ్రాయవలెనని అడుగవలదు. ఈ సంచికను చేతిలోనికి తీసికొని చూచిన తెలియును. ఒక వైపునుండి తెరచిన తెలుగు మొదలగును, రెండవ వైపునుండి తెరచిన ఉర్దూ మొదలగును. ఎదురెదురుగా బయలుదేరిన బాటసారులిద్దరు నడిమి పుటలో కలిసికొందురు. ఏది ముందో, ఏది వెనుకో బైండింగు చేయువానికి సైతము తెలియదు.